శనివారం ఒక్క విజిల్

శనివారం సాయంత్రం కోడి తొడలను కుక్కర్లో ఒక్క విజిల్ వరకు ఉడికించి దించెయ్యడం జెరూషకు ఆరేళ్లుగా అలవాటు. రెండో విజిల్ వచ్చిందంటే మాంసం ఎముకను వదిలేస్తుంది, మర్నాడు గ్రిల్ జాలీ మీద వేస్తే ఊడి బొగ్గుల్లో పడుతుంది. విజిల్ రాకముందే దించితే లోపల ఎర్రగా ఉండిపోతుంది. ఒక్క విజిల్, వెంటనే మూత మీద చన్నీళ్లు, ఆవిరి పోగానే పళ్లెంలోకి. చల్లారాక పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం దట్టంగా పట్టించి, పచ్చి మాంసం నానబెట్టినట్టే కనిపించేలా గిన్నెలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె భర్త రాబర్ట్ నల్ల ఏప్రన్ కట్టుకుని, ఆ గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్తాడు. అరగంటలో పొగ, వాసన, నవ్వులు. "రాబర్ట్, నీ చేతిలో ఏదో ఉందయ్యా" అని ప్రతి వారం ఎవరో ఒకరు అంటారు. ఉంది. పటకారు ఉంది.

ఇది మొదలైంది ప్రేమతోనే. ఫిల్మ్‌నగర్‌లో ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, వెనక ఉన్న కాస్త జాగాలో బండరాయి చదును చేయించి రాబర్ట్ ఒక గుండ్రటి బొగ్గుల గ్రిల్ కొన్నాడు. మొదటి ఆదివారమే ఒక పెద్ద దర్శకుణ్ణి భోజనానికి పిలిచాడు. ముక్కలు పైన మాడాయి, లోపల ఎముక దగ్గర నెత్తురు. ఆ పెద్దమనిషి ఒక్క కొరుకు కొరికి, మిగతాది టిష్యూలో చుట్టి, ఎవరూ చూడలేదనుకుని పూలకుండీ వెనక పెట్టాడు. జెరూష చూసింది. రాబర్ట్ మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బొగ్గులు మంచివి కావన్నాడు, గాలి ఎదురు కొట్టిందన్నాడు, కోడి ముదురుదన్నాడు. ఆ మొహం చూడలేక తర్వాతి శనివారం ఆమె కుక్కర్ ఎక్కించింది. చెబుదామనే అనుకుంది. కానీ మర్నాడు అందరూ వేళ్లు నాక్కుంటూ మెచ్చుకుంటుంటే అతని మొహం అంత సంతోషంగా ఉండటం చూసి నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఏ వారానికావారం చెప్పడం ఇంకా కష్టమైంది. ఎలాగూ తెలిసే ఉంటుంది, తెలిసీ ఊరుకుంటున్నాడు, మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి గుట్లు కొన్ని ఉంటాయిలే అని సర్దుకుంది.

జెరూష సినిమాలకు కంటిన్యుటీ చూస్తుంది. ఒకే సీనును పొద్దున్న సగం, పది రోజుల తర్వాత సగం తీస్తారు. అప్పుడు హీరో చొక్కా చెయ్యి ఎన్ని మడతలుందో, గ్లాసులో టీ ఎంతవరకు ఉందో, హీరోయిన్ జడ ఏ భుజం మీద ఉందో చూసి చెప్పాల్సింది ఆమె. ఇరవై రెండేళ్లుగా చెబుతోంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆ పని చేసే మనిషి ఒకరున్నారని కూడా ఎవరికీ తట్టదు. ఒక్క గ్లాసు తప్పిందా, యూనిట్ మొత్తం ఆమె పేరే. ఇల్లు కూడా అంతేనని ఆమెకు ఏనాడో అర్థమైంది. రాబర్ట్‌ను కలిసింది కూడా సెట్‌లోనే, ఇద్దరూ అసిస్టెంట్లుగా ఒకే ప్లేటులో టిఫిను పంచుకున్న రోజుల్లో. అందుకే వాళ్ల మధ్య అండీలు లేవు. బాపట్ల వైపు బాప్టిస్టుల పిల్ల క్యాథలిక్కుల ఇంటికి కోడలిగా రావడమే ఎక్కువనుకుంటే, పైగా మొగుణ్ణి నువ్వంటోందని అత్తగారు తెరెసమ్మ మొదటి ఏడాదంతా మూతి ముడుచుకునే ఉంది. ఇప్పుడు రాబర్ట్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. జెరూష ఇంకా కంటిన్యుటీ.

ఆ ఆదివారం భోజనానికి గీతిక వచ్చింది. బంజారా హిల్స్‌లో ఒక ఓటీటీ ఆఫీసులో కొత్త షోలు ఎంపిక చేస్తుంది, ముప్పై దాటి ఉండవు, మాట గబగబా. రెండు ముక్కలు తిని మూడోది అడిగి మరీ వేయించుకుంది.

"రాబర్ట్ గారూ, ఇది షో సార్! ఇదే పెరడు, ఇదే పొయ్యి. వారానికొక ఆర్టిస్ట్ వస్తారు, మీరు కాలుస్తూ కబుర్లు చెప్పిస్తారు. ఒకటే రూల్. కట్స్ ఉండవు. పచ్చి ముక్క జాలీ మీద పడ్డప్పటి నుంచి ప్లేట్లోకి వచ్చేదాకా కెమెరా ఆగదు. జనాలకి ఇప్పుడు నిజం కావాలండీ."

ఉల్లిపాయ చక్రాల పళ్లెం పట్టుకుని వస్తున్న జెరూష గుమ్మంలోనే ఆగిపోయింది. రాబర్ట్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకుంది. కనీసం ఒక్కసారి తనవైపు చూస్తాడనుకుంది. చూడలేదు.

"అదెంత పనండీ! ఆరేళ్లుగా చేస్తున్నదేగా. పచ్చి ముక్క ఇవ్వండి, కళ్లు మూసుకుని కాలుస్తాను" అన్నాడు.

ఆ గొంతులో అబద్ధం లేదు. అబద్ధాలాడే గొంతులు జెరూషకు బాగా తెలుసు, రోజూ వినేవే. అతనికి తెలియదు! మూడు వందల శనివారాలు ఈ ఇంట్లో కుక్కర్ కూసింది, హాల్లో సోఫాకీ వంటింటి గట్టుకీ మధ్య పన్నెండు అడుగులు, ఒక్కనాడూ లేచి వచ్చి ఈ పూట ఏం ఉడుకుతోందని మూత ఎత్తి చూసిన పాపాన పోలేదు. తెలిసీ ఊరుకుంటున్నాడని, లోలోపల ఎక్కడో తనకు రుణపడి ఉన్నాడని, ఇద్దరికీ కలిసి ఒక చిన్న రహస్యం ఉందని ఆమె ఇన్నాళ్లూ అనుకున్నదంతా ఒట్టిదే. ఆ రహస్యంలో ఆమె ఒక్కతే కాపురం చేసింది. ఒళ్లు మండిపోయింది. ముందు అతని మీద, పళ్లెం బల్ల మీద పెట్టేసరికి తన మీద. పదిమంది తిని చెయ్యి కడుక్కుని వెళ్లిపోతే ఆదివారం ఆదివారంతో పోతుంది. కెమెరాలోకి ఎక్కింది మాత్రం పోదు. అదే నిజమై కూర్చుంటుంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఆమెకంటే తెలిసినవాళ్లు లేరు.

వచ్చే ఆదివారం టెస్ట్ షూట్ అని గీతిక ఖాయం చేసి వెళ్లింది. అప్పుడు రాబర్ట్‌కు గ్రిల్ అడుగున తుప్పు కనబడింది. ప్రతి సోమవారం బూడిద ఎత్తేది జెరూషే కాబట్టి ఆమెకు రెండు నెలలుగా కనబడుతూనే ఉంది. అప్పుడు చెబితే "చూద్దాంలే" అన్నాడు. ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర ఫోన్లో కొత్త గ్రిల్లుల బొమ్మలు జరుపుతూ అదే లోకంగా కూర్చున్నాడు.

"గ్యాస్‌ది కొనరా. మీట తిప్పితే వెలుగుద్ది, తిప్పితే ఆరుద్ది. వారం వారం ఆ పొగ నేను పీల్చలేకపోతన్నా" అంది తెరెసమ్మ.

"గ్యాసా? ఇంట్లో స్టవ్వు చాలక బయట కూడా స్టవ్వేనా? నిప్పంటే నిప్పులా ఉండాలమ్మా. ఫ్రేములో మగాడు కనబడాలి."

"అయితే లోపల స్టవ్ దగ్గర నిలబడితే నువ్వు కనబడవా డాడీ?" అంది దీనా. ఇంటర్ రెండో ఏడాది, ఈ మధ్య మాట విసరడం నేర్చింది.

రాబర్ట్ నవ్వి దాని నెత్తి మీద మొట్టాడు. ఏది కొందామని జెరూషను ఎవరూ అడగలేదు. కడగాల్సింది ఆమె కదా, ఏది కొన్నా అడగక్కర్లేదు.

మర్నాడు జూబ్లీ హిల్స్‌లో దుకాణానికి మాత్రం తీసుకెళ్లాడు. మూడు రకాల గ్రిల్లులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. గ్యాస్‌ది బీరువా అంత వెడల్పుగా, మెరిసే మీటలతో. బొగ్గులది మూడు కాళ్ల మీద, పాతదానికి చెల్లెలిలా. సిరామిక్‌ది ఆకుపచ్చ రంగులో, పెద్ద గుడ్డు ఆకారంలో, రెండంగుళాల మందాన. చొక్కా మీద సాయిశ్రీనివాస్ అని పేరు బిళ్ల పెట్టుకున్న సేల్స్ కుర్రవాడు సిరామిక్‌దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"సార్, గిది టాప్ మోడల్. వంద కిలోల బరువుంటది. ఒక్కసారి బొగ్గులేసి మూత పెట్టిండ్రనుకో, ఐదారు గంటలు వేడి అట్లనే పట్టుకుంటది. కింద ఒక కంత, పైన ఒక కంత, గాలిని గవ్విటితోనే కంట్రోల్ చేసుడు. మేడమ్, మీకు సుత ఫికర్ లేదు. బూడిద తక్కువ పడ్తది, తుడుసుడు అల్కగ ఉంటది."

వంట సంగతులన్నీ సార్‌కి, తుడిచే సంగతులన్నీ మేడమ్‌కి. గ్యాస్‌ది చూపించినప్పుడూ అంతే, బొగ్గులది చూపించినప్పుడూ అంతే. అతన్ని అని లాభం లేదు, వచ్చిన ప్రతి జంటా అతనికి అదే నేర్పి ఉంటుంది.

జెరూష ఆ గుడ్డు మూత మీద చెయ్యి పెట్టింది. చల్లగా, గరుకుగా, మందంగా ఉంది. మట్టి! ఎంత రంగు పూసినా మట్టే. నిజాంపట్నం రేవు దగ్గర వాళ్ల అమ్మ చేపను మట్టికుండలో పెట్టి, మూత చుట్టూ పిండిముద్ద అంటించి, సరుగుడు బొగ్గుల్లో మెడదాకా కప్పేసేది. పిల్లలెవరైనా మూత జోలికెళ్తే వీపు పగిలేది. లోపల ఏమవుతోందో అమ్మ ఎప్పుడూ తీసి చూడలేదు. మూత మీద ఒక నీటిచుక్క చిలకరించి, అది ఎంతసేపు ఆడుతుందో చూసేది. చుయ్‌మని ఎగిరిపోతే బొగ్గులు వెనక్కి లాగేది, కాసేపు ఆడి ఆరితే అలా వదిలేసేది. పదేళ్లు నిండేసరికి ఆ చుక్క భాష జెరూషకు వచ్చేసింది. హైదరాబాదు వచ్చాక దానితో పని పడలేదు.

"మూత బాగా వేడెక్కి ఉన్నప్పుడు గబుక్కున తీస్తే?" అని అడిగింది.

కుర్రవాడు మొదటిసారి ఆమె మొహం చూశాడు. "అస్సల్ తియ్యద్దు మేడమ్! గాలి ఒక్కపారి లోపలికి గుంజుకొని మంట మొఖం మీదికి లేస్తది. జర ఎత్తి, ఆగి, అప్పుడు తియ్యాలె. సార్, ఇది యాదుంచుకోండ్రి."

సార్ ఆ ఆకుపచ్చ గుడ్డు పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నారు.

ఆమె ఆలోచించింది. గ్యాస్‌ది కొంటే రాబర్ట్‌ను గట్టెక్కించొచ్చు. మంట ఒకేలా ఉంటుంది, వారం రోజులు పక్కన నిలబడి నేర్పితే ముక్క పాడుచేయకుండా కాల్చగలడు. బొగ్గులది కొంటే పాత కథే, గంట ముందు ఆమె నిప్పు రాజేసి, నిప్పు కణకణలాడాక అతన్ని పిలవాలి. ఈ మట్టి గుడ్డు మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగేది కాదు. మూత మూసి, చేతులు కట్టుకుని, లోపలిదాన్ని నమ్మి నిలబడగలిగినవాళ్లకే అది వండిపెడుతుంది. రాబర్ట్ జీవితంలో ఏ మూతా మూసి ఐదు నిమిషాలు ఊరుకోలేదు. అతన్ని ఇరికించాలని ఆమె దాన్ని ఎంచుకుందా అంటే, కాస్త ఆ దురద లేకపోలేదు. అయినా అసలు సంగతి అది కాదు. దాని మీద చెయ్యి పెట్టగానే అది ఆమెకు కావాలనిపించింది. ఒక వస్తువు తనకోసం కావాలనిపించి ఎన్నాళ్లయిందో లెక్క దొరకలేదు.

"ఇదే తీసుకుందాం" అంది.

"చూశావా, ఫ్రేములో దీని అందమే వేరు. నీకూ నచ్చింది" అన్నాడు రాబర్ట్.

బుధవారం సెట్‌లో హీరో గడియారం ఎడమ చేతినుంచి కుడి చేతికి మారింది. జెరూష లేచి చెప్పింది. ఆ దర్శకుడికి అది రెండో సినిమా. "అబ్బా, ఎవరు చూస్తారక్కా, లైట్ పోతోంది" అని విసుక్కున్నాడు. గంట తర్వాత మానిటర్‌లో తనే చూసుకుని, "కంటిన్యుటీ ఏం చేస్తోంది, నిద్రపోతోందా?" అని మైకులో అరిచాడు. మామూలుగా అయితే తల వంచుకుని పుస్తకంలో రాసుకునేది. ఆ రోజు పుస్తకం తెరిచి, తను చెప్పిన టైమూ, అతనన్న మాటా తేదీతో సహా రాసి ఉన్న పేజీని అతని ముందు పెట్టింది. అతను చదివి గొంతు సవరించుకున్నాడు. "సారీ అక్కా. మళ్లీ తీద్దాం" అన్నాడు. ఇంత సులువా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. కారులో ఇంటికి వస్తూ దారంతా ఆ పేజీ గురించే ఆలోచించింది. సెట్‌లో జరిగిన ప్రతి చిన్నదానికీ ఆమె దగ్గర రాతకోతలున్నాయి. ఇంట్లో జరిగినదానికే ఒక్క పేజీ లేదు. ఉంటే అందులో ఏముంటుంది? శనివారం నాలుగున్నరకు కోయించింది: జెరూష. ఉడికించింది: జెరూష. నిప్పు రాజేసింది: జెరూష. పటకారు పట్టుకుంది: రాబర్ట్. మెప్పు: రాబర్ట్. బూడిద: జెరూష.

శుక్రవారం పొద్దున్న తెరెసమ్మ వంటింట్లో పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"రేపు కుక్కర్ పెడతావా?"

జెరూష చేతిలో గరిటె ఆగింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

"కళ్లు మందగించాయి గానీ చెవులు బానే ఉన్నాయమ్మా. ప్రతి శనివారం ఒకటే విజిల్. పప్పుకి నాలుగు పెడతావు, మాంసానికి ఆరు. ఒక్క విజిల్ దేనికో ఆమాత్రం తెలీదా నాకు? ఆరేళ్లుగా వింటన్నా."

"మరి మీ అబ్బాయికి ఎందుకు చెప్పలేదు?"

తెరెసమ్మ ఒలిచిన రెబ్బలన్నీ ఒక పక్కకి నెట్టింది. "మీ మావయ్య ఊళ్లో ఉపదేశి కదా. ఫాదర్ గారు రాని ఆదివారాలు ఆయనే ప్రసంగం చెప్పాలి. ఆయనకి చదవటం వచ్చు గానీ చెప్పటం రాదు. శనివారం సాయంత్రం నేను బియ్యం ఏరుకుంటా కథలాగా చెప్పేదాన్ని. జనానికి అర్థమయ్యేటట్టు మన చేలూ, మన కాలవా, మన గొడవలూ పెట్టి. ఆయన రాసుకునేవాడు. చుట్టుపక్కల నాలుగూళ్లలో మరియదాసు ప్రసంగం అంటే చెవి కోసుకునేవాళ్లు. ముప్పై ఏళ్లమ్మా! పోయే ముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, 'తెరెసా, నా ప్రసంగాలన్నీ అచ్చేయించు, నా గుర్తుగా ఉంటయ్' అన్నాడు. నా మొహం చూసి మరీ అన్నాడు. నిజంగానే మర్చిపోయాడు."

"అచ్చేయించారా?"

"ఏయించాం. పైన ఆయన ఫొటో. లోపల అన్నీ నా మాటలే. నాకు చూపు ఉన్నన్నాళ్లూ రోజూ ఒక పేజీ చదువుకునేదాన్ని." ఆవిడ చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది, వెల్లుల్లి ఘాటు అన్నట్టు. "నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. కుక్కర్ పెడితే మాత్రం ఇంకో గదిలో పడుకుంటా. ఆ విజిల్ ఇంక వినలేను."

ఇరవై ఏళ్లలో మొదటిసారి జెరూష అత్తగారి పక్కన నేల మీద కూర్చుని, మిగిలిన వెల్లుల్లి తను ఒలిచింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆకుపచ్చ గుడ్డు పెరట్లో బండ మీద కూర్చుని ఉంది. నలుగురు కూలీలు మోసుకొచ్చి దించారు. జెరూష ఎనిమిది పచ్చి తొడలు, ఉప్పూ కారం పట్టించినవి, పళ్లెంలో పెట్టి తెచ్చింది.

"రేపు కెమెరా ముందు చేసేది ఇవాళ ఒకసారి చెయ్యి" అంది.

"నాకు రిహార్సలా?"

"సినిమావాళ్లం. రిహార్సల్ లేకుండా కెమెరా ముందుకెళ్తామా?"

ఆ మాటకు ఒప్పుకున్నాడు. దీనా మెట్ల మీద కూర్చుంది. తెరెసమ్మ కుర్చీ వేయించుకుంది. రాబర్ట్ ఏప్రన్ కట్టుకుని, బొగ్గులు నిండా పోసి, రెండు కంతలూ బార్లా తెరిచి, నిప్పు అంటించి, నాలుగు ముక్కలు వేసి మూత పెట్టాడు. రెండు నిమిషాలకు తీసి చూశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. జెరూష చేతులు కట్టుకుని నిలబడింది, ఒక్క మాట సాయం చేయలేదు. చేయకుండా నిలబడటం ఎంత కష్టమైన పనో ఆమెకు అప్పుడు తెలిసింది. కాళ్లు వాటంతటవే ముందుకు పోబోయాయి. ఐదోసారి అతను మూతను గబుక్కున లాగేసరికి భగ్గుమని మంట పైకి లేచింది. వెనక్కి దూకాడు. ముంజేతి మీద వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది.

"చల్లనీళ్ల కింద పెట్టు" అంటూ జెరూష కుళాయి తిప్పింది. చర్మం కాలలేదు, కాస్త ఎర్రబడిందంతే. ఆ తర్వాత అతను మాడిన ముక్క ఒకటి తీసి కత్తితో కోశాడు. ఎముక దగ్గర పచ్చి నెత్తురు.

"మసాలా సరిగ్గా పట్టలేదు. నువ్వు ఎప్పుడూ పెట్టినట్టు పెట్టలేదు" అన్నాడు.

"నిజమే. ఎప్పుడూ పెట్టినట్టు పెట్టలేదు. ఎప్పుడూ నేను కుక్కర్లో ఉడికించి పెడతాను రాబర్ట్. ఆరేళ్లుగా. నువ్వు చేసేది వాటికి రంగు తేవడం."

అతను ముందు నవ్వాడు. దీనా మొహం చూశాడు, అది తల దించుకుంది. తల్లి మొహం చూశాడు.

"ఒకటే విజిల్ రా" అంది తెరెసమ్మ.

రాబర్ట్ మొహంలో రంగులు మారాయి. "అంటే ఆరేళ్లు నన్ను మోసం చేశావా?"

ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు, వస్తే ఏడుపొస్తుందేమోనని భయపడింది కూడా. రాలేదు. "చేశాను. నిన్నొక్కణ్ణే కాదు, నన్ను కూడా. ఇక చెయ్యను."

అతను కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు నేల చూశాడు. ఆమెకు జాలి వేసింది, అది దాచుకోలేదు. వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు అతను తల ఎత్తాడు. కళ్లలో పాత రాబర్ట్, ఎంతటి చిక్కునైనా లొకేషన్‌లో పది నిమిషాల్లో సర్దేసే ప్రొడక్షన్ మనిషి, తిరిగి వచ్చేశాడు.

"సరే జెరూ, అయిందేదో అయింది. రేపొక్కరోజు చూడు. సగం ఉడికించి ఇవ్వు, పైన కాస్త బీట్‌రూట్ రసం పూస్తే పచ్చిదానిలాగే ఉంటుంది. మూత నేను తీయను, నువ్వు కెమెరా వెనక నిలబడి సైగ చెయ్యి. ఫ్రేములో ఎవడికి తెలుస్తుంది? కంటిన్యుటీ నీకంటే ఎవరికి వచ్చు?"

తనలోని పనితనాన్ని అతను పొగడటం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. అదీ తనను కనబడకుండా చేయడానికి. ఆమె చేయగలదు కూడా. బీట్‌రూట్ రసం అక్కర్లేదు, ఇంకా మంచి ఉపాయాలు తెలుసు. ఏ కెమెరా కన్నూ పట్టుకోలేనంత బాగా చేయగలదు. అచ్చయిన పుస్తకం మీద మావయ్య ఫొటో అంత బాగా.

జెరూష అతని మెడలోంచి ఏప్రన్ తీసి తను కట్టుకుంది. మాడిన ముక్కలు తీసేసి, కింది కంత బొటనవేలి మందాన మిగిల్చి మూసింది. పైదీ అంతే. మంట చచ్చి బొగ్గులు నిదానించేదాకా ఆగింది. మూత కాస్త ఎత్తి, ఆగి, తీసి, మిగిలిన నాలుగు ముక్కలు అంచుల వెంట పేర్చి మూసేసింది. గ్లాసులో వేళ్లు ముంచి మూత మీద ఒక చుక్క చిలకరించింది. చుక్క కాసేపు ఆడి ఆరిపోయింది. అంతే, చేతులు కట్టుకుంది.

"ఒకసారి తీసి చూడు" అన్నాడు రాబర్ట్ పది నిమిషాలకు.

"తీయను."

"మాడిపోతాయేమో."

"మాడవు."

నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు ఆమె ఎవరికీ ఏమీ అందించలేదు, ఏమీ తుడవలేదు. నిలబడిందంతే. పొగ సన్నగా పై కంతలోంచి వస్తుంటే దాని వాసనలోనే ముక్క ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తోంది. ఇన్నేళ్ల తర్వాత కూడా చెయ్యి మర్చిపోలేదు. ఒళ్లంతా తేలికైంది. ఇంతకుముందు ఇంత సుఖంగా ఎప్పుడు నిలబడిందో గుర్తు రాలేదు. మూత తీసేసరికి ముక్కలు బంగారు రంగులో, అంచుల దగ్గర నల్లగా, రసం కారుతూ ఉన్నాయి. దీనా మొదటి ముక్క కోసింది. ఎముక దాకా తెల్లగా ఉడికింది.

"మమ్మీ!" అంది దీనా, నోటినిండా పెట్టుకుని.

తెరెసమ్మ నెమ్మదిగా నమిలి, ఎముక కూడా చప్పరించి, "నా చేతికి కూడా ఇంత నిప్పు లొంగలేదు" అంది.

రాబర్ట్ కూడా తిన్నాడు. మొత్తం తిన్నాడు. తిని, గొంతు తగ్గించి అన్నాడు: "ఇప్పుడు గీతికకి ఏం చెప్తాం? షో పోతుంది జెరూ."

"పోతే పోనీ. ఉంటే మాత్రం నిజంతో ఉంటుంది."

చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని ఆమె ఫోన్ తీసింది. అందరి ముందూ, స్పీకర్ పెట్టి, సెట్‌లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"గీతిక గారూ, నేను జెరూషని, కంటిన్యుటీ. రేపటి షూటింగులో ఒక తప్పు దొరికింది. ఆరేళ్లుగా వండిన మనిషి ఒకరు, ఫ్రేములో ఉన్న మనిషి ఇంకొకరు. పట్టుకోవాల్సింది నేనే, ఆలస్యం చేశాను. సరిచేశాను. రేపు పొయ్యి దగ్గర నేనుంటాను, ప్లేట్లు రాబర్ట్ తెస్తాడు."